రోడ్డుకు అవతల సవితాబెన్

సూరత్ నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఎదురైన ప్రతివాళ్ళూ "సూరత్‌ల ఏం చూసినవ్?" అని అడుగుతున్నారు. రోడ్డు చూశానంటే నమ్మడం లేదు. చీరల మార్కెట్టు చూడలేదా, వజ్రాలు సానబట్టేది చూడలేదా, సముద్రం చూడలేదా అంటున్నారు. వజ్రాలు సానబట్టే మనిషిని ఒకాయన్ని చూశాను, అదీ రోడ్డు మధ్యలోనే. మిగతా కాలమంతా సూరత్ అంచున కోసాడ్‌లో మా అక్క ఇంటి ముందున్న రోడ్డును ఇటు నుంచి అటు ఎట్లా దాటాలన్న ఆలోచనలోనే గడిచిపోయింది. పోను రాను రైలు ప్రయాణం పక్కన పెడితే, నేను చేసిన అసలు యాత్ర నూట ఇరవై అడుగులు. ఆ యాత్ర సంగతే రాస్తున్నాను.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. మాది సిరిసిల్ల. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాను. నా చేతిలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదని డిపోలో శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. అలాంటి మనిషి రోడ్డు దాటలేక పాన్ డబ్బా ముందు స్టూలు మీద కూర్చున్నాడంటే మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. వాళ్ళు సూరత్ వెళ్ళలేదు.

స్టేషన్ నుంచి కోసాడ్

రైలు దిగి బయటికి రాగానే అక్క మనవరాలు స్నేహ కనిపించింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీలో చదువుతోంది, పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. కళ్ళు మాత్రమే కనబడేట్టు ముఖానికి చున్నీ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ మీద కూర్చుంది. నా సంచి అందుకుని కాళ్ళ దగ్గర పెట్టుకుని "బేసీ జావ్, తాతా" అంది. గుజరాతీ రాకపోయినా వెనక సీటు చూపిస్తోంది కాబట్టి కూర్చున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు స్టీరింగు ముందు కూర్చున్నవాడికి వెనక సీటు ఒక శిక్ష. స్నేహ రెండు రిక్షాల నడుమ చేతి వెడల్పు సందు కనిపిస్తే చాలు, దూరేది. ఇక్కడ ఆటోను రిక్షా అంటారు. సందులో దూరిన ప్రతిసారీ నా కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కేది. కొంతదూరం పోయాక ఆ పిల్ల "తాతా, నువ్వు తొక్కేది నా చెప్పు" అంది.

ఒకచోట తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన పాల ప్యాకెట్లు పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. స్నేహ వేగం తగ్గించలేదు. ఆయన వీపు వెనక నుంచి గాలిలా దూసుకుపోయింది.

"జర ఆపితే ఏంది బిడ్డా?" అన్నాను.

"ఆపితే వెనకోడు ఠోక్ దేగా, గుద్దుతడు తాతా. ముసలాయన ఆగడు, నేను ఆగ. ఇద్దరికీ మాలూమ్. అట్లనే అడ్జస్ట్ అయితది."

"ఆయన ఆగితే?"

"ఆగితే ప్రాబ్లమ్. ఆగొద్దు, ఉరకొద్దు. సీదా నడవాలె."

కోసాడ్ వైపు పోయే పెద్ద రోడ్డు ఎక్కాక మాత్రం నేను భయం మరిచిపోయాను. రోడ్డు నడుమ ఇనుప కంచె కట్టి, బస్సులకు మాత్రమే వేరే దారి విడిచారు. బస్‌స్టాపు కూడా నడుమనే ఉంది, అద్దాల తలుపులతో. రెండు పక్కలా స్కూటర్లు, టెంపోలు, రిక్షాలు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే, నడుమ బస్సు ఒక్కటే పెళ్ళికొడుకులా పోతోంది. బర్రెలు అడ్డం రావు, ట్రాక్టరు అడ్డం రాదు, దారి విడువమని ఎవరినీ బతిమాలే పని లేదు. అలాంటి దారిలో ఒక్క ఏడాది నడిపినా నా నడుము ఇంకో పదేళ్ళు పనిచేసేదని లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. ఆ కంచె కాలినడకన పోయేవాళ్ళకు ఏమవుతుందో అప్పటికి నాకు తట్టలేదు.

ఎదురెదురుగా నిలబడి ఫోను

మా అక్క పేరు లక్ష్మి. పెళ్ళవగానే బావతో సూరత్ వచ్చేసింది. బావ బట్టలు నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు, పోయి ఆరేళ్ళైంది. కొడుకు కూడా సాంచాల మీదే పని. కొడుకూ కోడలూ పొద్దున పోతే పొద్దుగూకాకే వస్తారు. అక్క ఇంట్లోనే చీరలకు మెరిసే రాళ్ళు అంటిస్తుంది. నేను వెళ్ళేసరికి ఆమె వేళ్ళకు జిగురు, చెంపకు ఒక ఎర్రరాయి అంటుకుని ఉన్నాయి.

జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పప్పు తియ్యగా ఉంది.

"గిదేందక్కా, పప్పుల చక్కెరేసినవా?"

"చెంచడే తమ్మీ. ఈడ గట్లనే అలవాటైంది. సిరిసిల్లకొస్తే మీ కూరలే నాకు చేదనిపిస్తయి."

సాయంత్రం ఆరవుతుండగా అక్క లేచి తల దువ్వుకుంది, చీర మార్చుకుంది, ఫోను చేతబట్టుకుంది. గుడికేమో అనుకుని నేనూ చెప్పులు వేసుకున్నాను. ఆమె కాలనీ గేటు దాటి రోడ్డు అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. అవతలి అంచున ప్లాస్టిక్ కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. ఆమె చేతిలోనూ ఫోను ఉంది. అక్క స్పీకరు పెట్టి ఫోను చేసింది, ఆమె ఎత్తింది.

"తిన్నవా?" అంది అక్క.

"తిన్న. నీ తమ్ముడొచ్చిండా? బక్కగ ఉన్నడేందే?" అంది ఫోనులోంచి ఆవిడ, మా సిరిసిల్ల మాట లాగే.

"ఎవరక్కా, మనోళ్ళా?"

"మనోళ్ళే. భావ్‌నగర్ దిక్కు గుజరాతీ. సవితాబెన్."

తరువాత అక్క చెప్పింది. సూరత్‌లోనే కతర్‌గామ్ అనే పేటలో ఒక సందులో ఇరవై రెండేళ్ళు ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. సవితాబెన్ భర్త వజ్రాలు సానబట్టే పనిలో ఉండేవాడు. ఆమె అక్క దగ్గర తెలుగు నేర్చుకుంది, అక్క ఆమె దగ్గర గుజరాతీ తిట్లు నేర్చుకుంది. ఆ సందు పడగొట్టాక అందరికీ కోసాడ్‌లో ఇళ్ళు వచ్చాయి. చీటీ తీస్తే అక్కకు ఇవతల, సవితాబెన్‌కు అవతల వచ్చింది. మొదట్లో అక్కే రోజూ దాటి వెళ్ళేది. ఐదు నెలల క్రితం ఒక మోటార్‌సైకిల్ ఆమె కొంగును లాక్కుంటూ పోయింది. అక్క పడింది, మణికట్టు చిట్లింది. ఆ బండివాడు ఆగలేదు.

"చెయ్యి అతికింది గని ధైర్యం అతకలే తమ్మీ," అంది అక్క.

"మరి ఆమెనే రావచ్చు గద."

"దాని మోకాళ్ళు నీ బస్సు కన్నా పాతయి."

అందుకని రోజూ సాయంత్రం ఇద్దరూ ఇలా చెరో అంచున చేరి ఫోనులో మాట్లాడుకుంటారు. నడుమ బస్సు అడ్డం వచ్చినప్పుడు ఫోనులో మాట వినబడుతూనే ఉంటుంది, అయినా ఇద్దరూ ఆగుతారు. బస్సు పోయి మళ్ళీ ముఖం కనిపించాకే మాట మొదలవుతుంది. ముఖం చూడకుండా మాట్లాడడం వాళ్ళకు మర్యాదగా తోచదనుకుంటాను.

"రేపు నీ తమ్మున్ని పంపియ్. థేప్లా చేస్త," అంది సవితాబెన్.

నడుమన పల్లీలు

మర్నాడు పది గంటలకు బయల్దేరాను. ఒక అడుగు వేసి, ఒక అడుగు వెనక్కి తీసుకుని, మళ్ళీ వేసి, మళ్ళీ తీసుకుని అక్కడే ఉండిపోయాను. సూరత్‌లో వాళ్ళు తిట్టరు, కోపంగా చూడరు. చాలా ప్రేమగా మన కాలివేళ్ళ మీది నుంచి పోతారు. ఒకామె స్కూటర్ మీద కూరగాయల సంచి పెట్టుకుని, నా చెవి పక్క నుంచి దూసుకుపోతూ "సంభాళ్‌కే, కాకా" అని జాగ్రత్త కూడా చెప్పింది. ఇరవై నిమిషాలయ్యాక పాన్ డబ్బా ఆయన ఏమీ అడక్కుండా స్టూలు తెచ్చి వేశాడు.

చివరికి ఒక నీళ్ళ ట్యాంకరు మెల్లగా వస్తుంటే దాని ముందు నుంచి ఉరికి నడుమదాకా చేరాను. బస్సు దారి కంచెకు ఒకచోట మనిషి పట్టేంత సందు ఉంది. ఆ సందు పక్కనే జానెడు గట్టు మీద నలభై ఏళ్ళాయన ఒకాయన నిలబడి పల్లీలు తింటున్నాడు. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబడతాడట, పేరు భరత్‌భాయ్. హిందీలో పలకరించాను.

"ఎంతసేపైంది నిలబడి?"

"సగం పొట్లం," అన్నాడాయన. నా చేతిలో కూడా గుప్పెడు పోశాడు.

నేను రోడ్డువైపు తల తిప్పి తిప్పి చూస్తుంటే ఆయనకు నవ్వొచ్చింది. "బండివాడి కళ్ళలోకి చూడకండి. మీరు చూశారంటే, వీడు నన్ను చూశాడు, వీడే ఆగుతాడులే అనుకుంటాడు. చూడలేదంటే వాడే ఆగాలి."

నోట్లో పల్లీలు నములుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిందీ అదే. వేములవాడ రోడ్డు మీద ఎవరైనా దాటబోతూ నా వైపు చూశారంటే, చూశారు కదా అని హారన్ కొట్టి పోయేవాణ్ణి. వాళ్ళు వెనక్కి తగ్గేవాళ్ళు. బియ్యం మూట ఎత్తుకున్నవాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, అందరూ తగ్గేవాళ్ళు. స్టాపులో చెయ్యెత్తినవాళ్ళ కోసం ఆపాను కానీ, రోడ్డు దాటేవాళ్ళ కోసం ఒక్కసారి ఆపిన గుర్తు లేదు. నా బస్సు కింద ఎవరూ పడలేదంటే, అందరూ టైముకు పక్కకు దూకారు కాబట్టి. శాలువా వాళ్ళకు కప్పాల్సింది.

పొట్లం అయిపోగానే భరత్‌భాయ్ నా చేయి పట్టుకుని, ఆకాశంలో పావురాలను చూస్తున్నట్టు తల పైకెత్తి నడిచాడు. నేను చూడకుండా ఉండలేకపోయాను. ఒక టెంపో, రెండు రిక్షాలు, లెక్కలేనన్ని స్కూటర్లు మా కోసం వంకర్లు తిరిగాయి. అవతలికి చేరాక ఆయన పల్లీల పొట్టు దులుపుకుని, ఏమీ జరగనట్టే పనికి వెళ్ళిపోయాడు.

సవితాబెన్ చెప్పిన మాట

సవితాబెన్ ఇల్లు కింది అంతస్తులోనే. లోపల మంచం లేదు, బీరువా లేదు. గోడకు బీరువా ఉన్నచోట తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది. నన్ను ఒక అట్టపెట్టె మీద కూర్చోమంది. మెంతాకు వేసి కాల్చిన థేప్లా రొట్టెలు, మామిడికాయ తురుముతో తియ్యటి పచ్చడి, పక్కన గిన్నెలో అచ్చంగా మా ఇంటి పచ్చిపులుసు. అన్నీ కలిపి తింటే ఎట్లా ఉంటుందోనని భయపడ్డాను. బాగానే ఉంది. నాలుగు థేప్లాలు తిన్నాను.

"తమ్మీ, ఆదివారం నేను పోతున్న," అంది సవితాబెన్. "కొడుకు భావ్‌నగర్‌ల ఉంటడు. ఈడ ఒక్కదానివి ఏం చేస్తవ్ రమ్మన్నడు. ఇల్లు కిరాయికిస్తున్నరు. ఇగ రాను."

"అక్కకు ఎరుకనా?"

"చెప్పలే."

"ఫోన్‌ల చెప్పకపోయినవా?"

ఆమె నా కంచంలో ఇంకో థేప్లా వేసింది. "ఇరవై రెండేండ్లు గోడకు గోడ ఉన్నం. ఫోన్‌ల చెప్తే నేనేం మనిషిని? ఎదురుంగ కూసుండి చెప్త. నువ్వు డ్రైవరువు గద, దాన్ని జర పట్కరా. నువ్వు మాత్రం చెప్పకు."

సరేనన్నాను. నాకు బస్సులో అరవై మందిని తీసుకురావడం వచ్చు. ఒక్క మనిషిని నడిపించి తీసుకురావడం ఎప్పుడూ చేయలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

రిక్షాలో ఎదురింటికి

గురువారం నాడు అక్కతో, సవితాబెన్ ఇంటికి పోదాం, రిక్షాలో అయితే నడిచే పనే ఉండదు అన్నాను. వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. ఒక డబ్బాలో సకినాలు సర్దుకుని నాకన్నా ముందు గేటు దగ్గరికొచ్చింది. సిరిసిల్ల నుంచి నేను మోసుకొచ్చిన సకినాలే.

రిక్షా ఆయనకు అవతలి గేటు చూపించాను.

"అదా?" అన్నాడు హిందీలో. "అది ఎదురుగానే ఉంది కదా."

"ఎదురుగా ఉంది కాబట్టే నీ దగ్గరికొచ్చాం."

ఎనభై రూపాయలన్నాడు. ఎక్కాం. ముందుకు పోయి, తిరిగి అవతలి వైపు రావాలి. పోయాం. తిరిగేచోట రోడ్డు తవ్వి రేకులు అడ్డం పెట్టారు. ఇంకో మలుపు చాలా దూరమట. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, బండిని అక్కడికక్కడే తిప్పేశాడు. ఇప్పుడు మేము మా వైపు రోడ్డు మీదే, వచ్చే బండ్లకు ఎదురుగా పోతున్నాం. నేను కళ్ళు మూసుకున్నాను. అక్క మూసుకోలేదు. కతర్‌గామ్‌లో నేర్చుకున్న గుజరాతీ అంతా ఆ రిక్షా ఆయన మీద ఖర్చు పెట్టింది. ఆయన నొచ్చుకోకపోగా, అంత మంచి గుజరాతీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

కొంతదూరం పోయాక బట్టల మూటలు నింపుకున్న ఒక టెంపో మాకు ఎదురొచ్చి ఆగింది. టెంపో ఆయనకు వెనక్కి పోయే దారి లేదు. రిక్షా ఆయనకు వెనక్కి పోయే ఉద్దేశం లేదు. ఇద్దరూ ఇంజన్లు ఆపేసి, తప్పు ఎవరిదో తేల్చుకోవడం మొదలుపెట్టారు. నేను దిగి న్యాయం చెప్పబోతుంటే అక్క నా చొక్కా పట్టి లాగింది.

"జర ఇటు చూడు తమ్మీ. మన గేటే."

నిజంగానే మా కాలనీ గేటు ముందున్నాం. పాన్ డబ్బా ఆయన మమ్మల్ని చూసి స్టూలు తీశాడు. రిక్షా ఆయన ఎనభై రూపాయలూ తీసుకున్నాడు, ఇంత తిప్పాను కదా అన్నాడు. ఎక్కినచోటే దిగడానికి డబ్బులివ్వడం నాకు అదే మొదటిసారి. అవతల సవితాబెన్ గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. కాసేపటికి అక్క ఫోను మోగింది.

"ఏందే, వచ్చినట్లే వచ్చి పోతివి?" అంది సవితాబెన్.

వరాఛాలో తెల్లగీత

శుక్రవారం నా ముఖం చూసి స్నేహ నన్ను ఊళ్ళోనే వరాఛా అనే పేటకు తీసుకుపోయింది. అక్కడ నలభై రూపాయలకు లోచో అని పెట్టారు. శనగపప్పు పిండిని మెత్తగా ఉడికించి, పైన నూనె, కారప్పొడి, సన్న కారప్పూస, ఉల్లిగడ్డ చల్లి ఇస్తారు. ఉప్మా చేయబోయి చెడగొట్టినట్టు కనిపిస్తుంది, తింటే ఇంకో ప్లేటు అడగాలనిపిస్తుంది. పక్క బండి మీద లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన పచ్చటి గింజలు అమ్ముతున్నారు. మా దగ్గర చేను గట్టు మీద ఊరికే తినే వాటిని ఇక్కడ తూకం వేసి, నిమ్మకాయ, కారప్పూస కలిపి ఇస్తున్నారు.

అసలు వింత ఆ పక్కనున్న చౌరస్తాలో చూశాను. సిగ్నల్ ఎర్రబడగానే బండ్లన్నీ తెల్లగీతకు ఇవతల ఆగిపోయాయి. చక్రం కూడా గీత మీద పెట్టలేదు. బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు నిలబడ్డారు. అందులో స్నేహ స్కూటరూ ఉంది.

"గిక్కడెందుకు ఆగినవ్ బిడ్డా? వెనకోడు గుద్దడా?"

"కెమెరా ఉంది తాతా. చలాన్ సీదా ఫోన్‌కు వస్తది."

నేను వెనక సీటు దిగి, ఆ గీతల మీద అవతలికి నడిచాను. మళ్ళీ ఎర్రబడేదాకా ఉండి ఇవతలికి వచ్చాను. ఆగిన బండ్ల ముందు నుంచి అట్లా తీరిగ్గా నడవడం ఎంత బాగుందో చెప్పలేను. నాలుగుసార్లు దాటాను. నాలుగోసారి అక్కడున్న ట్రాఫిక్ ఆయన నా దగ్గరికొచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు.

ఇద్దరం మళ్ళీ లోచో అంగడికి వచ్చి కూర్చుంటే స్నేహ చెంచా ముట్టలేదు. రెండో ప్లేటు లోచో చల్లారిపోతోంది.

"నానమ్మ పడ్డ రోజు గా బండోడు ఆగలే కదా తాతా," అంది. "ఆపితే వెనకోడు గుద్దుతడని నేను మొన్న నీతో అన్న. వాడు కూడా గదే అనుకునుంటడు."

నేను లోచో ఆమె వైపు జరిపాను. సవితాబెన్ ఆదివారం వెళ్ళిపోతోందన్న మాట ఆమెకు అక్కడే చెప్పాను. అక్కకు చెప్పొద్దని మాటిచ్చాను కానీ, మనవరాలికి చెప్పొద్దని ఇవ్వలేదు.

స్నేహ "మొత్తం ఎందుకు దాటాలె?" అంది. "మన గేటు కాడనే రోడ్డు నడుమ బస్‌స్టాప్ ఉంది గద. నానమ్మ ఇటు నుంచి సగం, సవితా బా అటు నుంచి సగం."

ముప్పై ఒక్క ఏళ్ళు బస్‌స్టాపుల్లో బతికినవాణ్ణి. ఆ ఆలోచన నాకు రాలేదు.

సగం రోడ్డు

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు స్నేహ స్కూటర్ మీద చుట్టు తిరిగి అవతలికి పోయింది. అక్కకు బస్సెక్కి ఊరు చూసొద్దామని చెప్పాను. అక్క కొత్తచీర కట్టుకుంది, సకినాల డబ్బా పట్టుకుంది. రోడ్డు అంచుకు రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆగిపోయింది.

బండ్లు వస్తూనే ఉన్నాయి. భరత్‌భాయ్‌లా ఆకాశంలోకి చూద్దామంటే పక్కన అక్క ఉంది, ధైర్యం చాలలేదు. ఇక వేరే దారి లేక, ట్రాఫిక్ పోలీసు లాగా కుడిచెయ్యి ముందుకు చాచాను. స్కూటర్లు చేతి కింద నుంచి పోయాయి. కారు పోయింది. కానీ ఒక రిక్షా సర్రున వచ్చి మా ముందు ఆగింది.

"ఎక్కడికి కాకా?"

నేను నోరు తెరిచేలోపు, బేరం తన్నుకుపోదామని రెండో రిక్షా దాని పక్కన వచ్చి ఆగింది. వాళ్ళ కంటే తక్కువకు తీసుకుపోతానంటూ మూడోది వచ్చి ఆగింది. మూడు రిక్షాలు వరుసగా నిలబడేసరికి మా వైపు రోడ్డు మొత్తం మూసుకుపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి, బండి మాత్రం ఒక్కటీ కదలడం లేదు. నడిచేవాడి కోసం ఎవరూ ఆగని రోడ్డు మీద, ఎక్కేవాడి కోసం అందరూ ఆగారు.

"కతర్‌గామ్. ఎంత?" అన్నాను, అలవాటు కొద్దీ.

"డెబ్బై."

"యాభై."

"బేరం తర్వాత ఆడుదువు, నడువు తమ్మీ," అని అక్క నా చెయ్యి పట్టి లాగింది. ఐదు నెలలుగా రోడ్డు అంచు దాటని మనిషి, మూడు రిక్షాల ముందు నుంచి నన్ను ఈడ్చుకుంటూ నడుమదాకా పోయింది. వెనక నుంచి "ఓ కాకా, ఎక్కడికి?" అని కేక వినబడింది. నేను వెనక్కి తిరిగి దండం పెట్టి, బస్‌స్టాపు చూపించి "ఇక్కడికే" అన్నాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన నవ్వాడు. మూడో ఆయన అప్పటికే వేరే బేరం చూసుకున్నాడు.

అవతలి వైపు స్నేహ స్కూటర్‌ను రోడ్డుకు అడ్డంగా నిలిపి, రెండు ఇండికేటర్లూ వేసి, దాని పక్కన నిలబడింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే చేయెత్తి "బా ఛే, బా ఛే" అంటోంది. పెద్దావిడ ఉంది, చూడండి అని. సవితాబెన్ ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గిన్నె పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ఎవరూ స్నేహ బండిని గుద్దలేదు.

నేను మూడు టికెట్లు అడిగాను. ఎక్కడికి అన్నాడు టికెట్ ఇచ్చే అబ్బాయి. అన్నింటికన్నా దగ్గరిది అన్నాను. అద్దాల తలుపు తెరుచుకుంది. లోపల బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అక్క ఆమె మోకాలు పట్టి చూసింది, ఆమె అక్క మణికట్టు పట్టి చూసింది. తరువాత సవితాబెన్ కళ్ళు తుడుచుకుని "లచ్చక్కా, నీకొక మాట చెప్పాలె" అంది.

"రేపు పోతున్నవ్," అంది అక్క.

నేను ఉలిక్కిపడి, నేను చెప్పలేదని సవితాబెన్‌కు చేతులతో సైగ చేశాను.

"తమ్ముడు చెప్పలే," అంది అక్క. "నాకు కండ్లు లేవా? వారం కింద నీ మంచం టెంపోల ఎక్కుతుంటే చూసిన. ఆ వెనకనే బీరువా పోయింది. రోజూ సాయంత్రం చెప్తవేమోనని నిలబడుతున్న. చెప్పకపోతివి."

"ఫోన్‌ల ఎట్ల చెప్పాలె?"

"గందుకే గద నేను రిక్షా ఎక్కింది."

తరువాత ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, దూరంగా పోయి నిలబడ్డాను. బస్సులు వస్తున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎనిమిదో బస్సు పోయాక కాపలా ఆయన నా దగ్గరికొచ్చి, వాళ్ళకు ఏ బస్సు కావాలి అని హిందీలో అడిగాడు. నేనూ బస్సు డ్రైవర్నేనని, వాళ్ళకు కావాల్సింది ఇంకా రాలేదని చెప్పాను. ఆయన వాళ్ళవైపు చూశాడు. ఇద్దరూ ఒకే గిన్నెలోని పచ్చడిలో సకినాలు ముంచుకుని తింటూ, ఎవరినో తిట్టుకుంటూ నవ్వుతున్నారు. ఆయన మళ్ళీ అడగలేదు.

లేచే వేళకు నేను అక్కను మా వైపు తలుపుకు రమ్మన్నాను. ఆమె రెండు వైపులా చూసింది.

"ఇటు పోయినా గంతే దూరం, అటు పోయినా గంతే. రాత్రికి సవిత ఇంట్ల పండుకుంట," అంది.

మంచం లేదని గుర్తుచేశాను. కతర్‌గామ్‌లో కూడా చాపల మీదే పడుకునేవాళ్ళమని ఇద్దరూ ఒకేసారి అన్నారు. స్నేహ మళ్ళీ స్కూటర్ అడ్డం పెట్టింది. ఒకరు కర్ర మీద, ఇంకొకరు ఆ కర్ర పట్టుకున్న చేతి మీద ఆనుకుని అవతలికి నడిచిపోయారు.

ఆదివారం పదింటికి సవితాబెన్ కొడుకు కారు తెచ్చాడు. కారు పోయాక అక్కను తీసుకురావాలని నేనూ స్నేహా చెప్పులు వేసుకుంటుంటే, అక్క తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చింది. చేతిలో సవితాబెన్ గిన్నె ఉంది. మేమిద్దరం నోరు తెరుచుకుని చూశాం.

"ఒక్కదానివే ఎట్ల దాటినవక్కా?"

"ఏమో తమ్మీ. యాదికి లేదు," అని ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పప్పు పెట్టింది.

సిరిసిల్ల

ఇంటికొచ్చిన నాలుగో రోజు స్కూటర్ మీద పెద్ద బజారుకు పోతున్నాను. నెత్తి మీద బీడీ ఆకుల మూట పెట్టుకుని ఒకామె రోడ్డు అంచున నిలబడి ఉంది. నేను ఆపాను. ఆమె కదలలేదు. పొమ్మని చెయ్యి చూపించాను. ఆమె నన్నే పొమ్మని చెయ్యి చూపించింది. నా వెనక ఒక ఆటో, దాని వెనక ఒక ట్రాక్టరు ఆగి హారన్లు మొదలుపెట్టాయి.

"ఏం గావాలె సార్?" అంది ఆమె.

"ఏం వద్దవ్వా. నువ్వు పో."

"బండి ఖరాబైందా?"

"కాలేదు. నీ కోసమే ఆపిన."

ఆమె మూట సర్దుకుని, ఒక అడుగు వెనక్కే వేసింది. నేను కిందికి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపేశాను. అప్పుడు దాటింది. అవతలికి చేరాక మూటతో సహా వెనక్కి తిరిగి, నన్నూ నా బండినీ ఇంకోసారి అనుమానంగా చూసి మరీ వెళ్ళింది.